గుడారం నుండి నగరానికి

పిల్లలను చూడడానికి లండన్ వెళ్ళే తల్లిదండ్రులు నేడు మన ఉద్యోగుల కుటుంబాలలోనూ ఉన్నారు. పిల్లల ఇల్లు ఇరుకు. హోటలు గది అద్దె మోయలేని భారం. అటువంటప్పుడు గుడారాల విడిది, అనగా క్యాంప్‌సైటు, ఆలోచింపదగినదే. అయితే దానిని ఎన్నుకునేటప్పుడు చూడవలసినది కిలోమీటర్లను కాదు, గడియారాన్ని అని మా అభిప్రాయం.

ప్రయాణకాలమంటే బండిలో కూర్చున్న కాలం మాత్రమే కాదు. స్టేషను వరకు నడక, బండి కోసం నిరీక్షణ, మధ్యలో బండి మారడం, ఇవన్నీ కలిపితేనే అసలు లెక్క తేలుతుంది. గంటకొక బస్సు వచ్చే చోట ఒక బస్సు తప్పితే సగం పూట వృథా అయినట్లే.

లండన్ ఆగ్నేయ శివారులోని ఆబీ వుడ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1178లో వెలసిన లెస్నెస్ మఠం శిథిలాలు, వాటిని ఆనుకొని అడవి ఉన్న ప్రాంతమది. చెట్ల నడుమనున్న క్యాంప్‌సైటు నుండి స్టేషనుకు సుమారు పావుగంట నడక. 2022 మే 24న ఎలిజబెత్ లైను ప్రారంభమైంది. నగర గర్భంలో 21 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా సాగే ఆ మార్గంలో, బండి మారకుండా సుమారు 25 నిమిషాలలో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ చేరవచ్చు. పగటివేళ పది నిమిషాలలోపే మరో బండి ఉంటుంది. పైగా ఆబీ వుడ్ ఆ శాఖకు చివరి స్టేషను. బండి అక్కడే బయలుదేరుతుంది గనుక పెద్దలకు కూర్చునే చోటు దొరకడం సులభం. పెద్దల వెంట వెళ్ళే 11 ఏళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో కావాలి. తూర్పుగా వచ్చే బండ్లు వైట్‌చాపెల్ దాటాక రెండుగా చీలుతాయి. ఒక శాఖ షెన్‌ఫీల్డ్ వైపు పోతుంది. కనుక బోర్డు చదవనిదే బండి ఎక్కరాదు. ఈ లైను రాత్రంతా నడవదు. నాటకం చూసి వచ్చే కుటుంబం చివరి బండి వేళను ముందే తెలుసుకోవాలి. వారాంతాలలో మరమ్మతుల కోసం బండ్లను నిలిపివేయడమూ కద్దు.

సొంత వాహనంలో వెళ్ళేవారికి మరొక లెక్క ఉన్నది. 2023 ఆగస్టు 29 నుండి లండన్ అంతటా, కాలుష్య ప్రమాణాలకు తూగని వాహనానికి రోజుకు 12.50 పౌండ్ల రుసుము విధిస్తున్నారు.

ఏ నగరమైనా స్థలం ఖాయం చేసుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. స్టేషనుకు నడక ఎంత? బండ్ల మధ్య ఎడం ఎంత? చివరి బండి ఎప్పుడు? చౌకగా దొరికిన విడిదికి అర్ధరాత్రి టాక్సీలో చేరవలసి వస్తే, మిగిలిన సొమ్ము ఒక్క రాత్రితోనే హరించిపోతుంది. వెంట పసిపిల్లలు, వృద్ధులు ఉన్నప్పుడు నష్టం సొమ్ముతోనే ఆగదు.