కరణాలు పోయినా కర్ణం ఉంది

లెక్కల లెక్చరరునని చెప్పగానే ఎదుటివాళ్ళు రెండే రెండు మాటలంటారు. "బాబోయ్, చిన్నప్పట్నుంచీ మాకు లెక్కలంటే భయమండీ" అన్నది మొదటిది. "అయితే మావాడికి ట్యూషను చెబుతారా?" అన్నది రెండవది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మూడోమాట నేను విన్నది ఒక పొలం గట్టుమీద. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మాది గోదావరి ఒడ్డున చిన్న టౌను కాలేజీ. లెక్కల డిపార్టుమెంటంటే నలుగురు మనుషులం, రెండు బీరువాలు. పాఠం చెప్పేవాళ్ళు కూడా చదువుకుంటూ ఉండాలని, 1986 నాటి జాతీయ విద్యావిధానం తరువాత యూనివర్సిటీల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. మూడేసి వారాల రిఫ్రెషర్ కోర్సులు జరిగేవి. ప్రమోషనుకి ఆ సర్టిఫికెట్టు కావాలి గనక చాలామంది అందుకోసమే వెళ్ళేవారు. ఇందులో దాచవలసిందేమీ లేదు. నామట్టుకు నాకు అక్కడి ఉపన్యాసాలకంటె సాయంత్రం టీ దగ్గర మాటలే ఎక్కువ ఒంటబట్టాయి. విద్యార్థులకోసం 1993లో మొదలైన ఎం.టి.టి.ఎస్. వేసవి శిబిరాల దారి వేరు. అక్కడ కుర్రవాళ్ళు తమంతట తాము ఆలోచించేదాకా వదిలిపెట్టరు. మా విద్యార్థి ఒకడు వెళ్ళివచ్చాక, నేను బోర్డుమీద రాసే ప్రతి పంక్తికీ "ఎందుకండీ?" అనడం మొదలెట్టాడు. వారం రోజులు చిరాకు వేసింది. తరువాత పాఠం ముందుగా చదువుకుని వెళ్ళడం అలవాటయింది.

మాలో చిన్నావిడ, మేడమ్‌గారు, ఒక కోర్సునుంచి తిరిగివచ్చి శనివారం మధ్యాహ్నం బ్రహ్మగుప్తుని గురించి మాట్లాడారు. (మాట్లాడినవారికి తక్కినవారు పకోడీలు కొనిపెట్టాలని మా ఏర్పాటు.) నాలుగు భుజాల క్షేత్రానికి ఎదురెదురు భుజాలు కూడి సగంచేసి, ఆ రెండు సగాలనీ హెచ్చవేస్తే వచ్చేది స్థూలఫలమేననీ, అసలు వైశాల్యం వేరనీ ఆయన 628లోనే చెప్పాడు. ఈజిప్టులో ఎడ్ఫూ దేవాలయం గోడమీది భూదాన శాసనాల్లోనూ ఇదే మోటులెక్క కనిపిస్తుంది. నాలుగు మూలలూ లంబకోణాలైతేనే అది సరిపోతుంది. లేకపోతే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది గాని తక్కువ చూపించదు.

వెనకబెంచీలోంచి ఒక రైతుబిడ్డ లేచాడు. "మా ఊళ్ళో ఇప్పటికీ ఇలాగే కొలుస్తారండీ" అన్నాడు.

ఆ ఆదివారమే అందరం ఆ ఊరు వెళ్ళాం. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. సర్వేనంబరుకి విస్తీర్ణం కాగితాల్లో ఉన్నా, అన్నదమ్ముల పంపకాల్లో విడిపోయిన ముక్కకి సబ్‌డివిజన్ చేయించుకోకపోతే నోటిమాటే దాఖలా. అలాంటి ముక్కనొకదాన్ని భర్త పోయిన ఒకావిడ ఏడేళ్ళుగా కౌలుకి చేసుకుంటోంది. నాలుగు గట్లూ తలా 60 గజాలు. అరవై అరవైల 3,600 చదరపు గజాలు, సెంటుకి 48.4 చొప్పున 74 సెంట్లు. అందరూ ఒప్పుకున్న లెక్కే. కాని పొలం మూలలు బాగా వాలిపోయి ఉన్నాయి.

మేడమ్‌గారు ఖాళీ అగ్గిపెట్టె తొడుగు తీసి పెద్దలకి చూపించారు. దాన్ని పక్కకి నొక్కితే అంచులు నాలుగూ అంతే ఉంటాయి. లోపలి చోటు మాత్రం తగ్గిపోతుంది. ఇంకా నొక్కితే రెండు అట్టలూ అతుక్కుని చోటే ఉండదు. అందరికీ ఇట్టే బోధపడింది. ఇరవై ఏళ్ళుగా బోర్డుమీద సూత్రం రాస్తున్నా, అగ్గిపెట్టె నాకు తట్టలేదు సుమండీ!

తరువాత మూలనుంచి మూలకి తాడు లాగాం. అదే కర్ణం. పొట్టికర్ణం సరిగా 60 గజాలు వచ్చింది. దానికి అటూ ఇటూ రెండు త్రిభుజాలు. ఒక్కొక్కదాని ఎత్తు 52 గజాలు. అరవైని యాభైరెండుతో హెచ్చవేసి సగంచేస్తే 1,560, రెండూ కలిపి 3,120. అంటే 64 సెంట్ల పైచిల్లర. పది సెంట్లు లేనే లేవు!

ఎవరూ మాట్లాడలేదు. ఎకరానికి ఏడాదికి 20 బస్తాల కౌలు. లేని పదిసెంట్లకి ఏటా రెండు బస్తాలు, ఏడేళ్ళకి పధ్నాలుగు. ఆ మాట మేము పైకి అనలేదు. అక్కడున్నవాళ్ళందరికీ ఆ లెక్క వచ్చు. అప్పుడావిడ ముందుకి వచ్చి, "మళ్ళీ కొలవండి బాబూ. ఈసారి తాడు నేను పట్టుకుంటాను" అంది.

మళ్ళీ కొలిచాం. అంతే వచ్చింది. పొలం ఆసామి మంచివాడే. మోసం చేద్దామనుకున్నవాడు కాదు, తండ్రి చెప్పిన లెక్క చెప్పాడు. "పోయిన బస్తాలు వెనక్కిమ్మంటారా ఏమిటి మేష్టారూ?" అన్నాడు నాతో. అది తీర్చడం మా పని కాదన్నాను. కాసేపు తల గోక్కుని, "వచ్చే పంటనుంచి అరవైనాలుగుకే కొలుద్దువులే అమ్మాయ్" అన్నాడు. పధ్నాలుగు బస్తాల ఊసు ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు. మరో ఊళ్ళో మరో ఆసామి ఆపాటి కూడా ఒప్పుకోడు.

తిరిగి వస్తూంటే అరుగుమీద ఆడవాళ్ళు మమ్మల్ని ఆపారు. నెలవాయిదాల సంగతి అడిగారు. 12,000 సరుకు, నూటికి పది వడ్డీ, నెలకి 1,100 చొప్పున పన్నెండు నెలలు: "పదేగా" అంటాడట షాపువాడు. కాని అసలు నెలనెలా తీరిపోతూంటే, వడ్డీ మాత్రం మొత్తం పన్నెండువేలకీ ఏడాది పొడుగునా వేశాడు. నిజానికి పడుతున్నది నూటికి దాదాపు 18. మూడురూపాయల చక్రవడ్డీకి బాకీ ఎన్నాళ్ళకి రెట్టింపవుతుందో కూడా చెప్పాం: రెండేళ్ళు. అదే బారువడ్డీ అయితే ముప్ఫైమూడు నెలలు దాటాలి. ఒక ముసలమ్మ, "ఇదంతా కాలేజీలో చెబుతార్రా మనవడా?" అని మావాణ్ణి అడిగితే, వాడు నా మొహం చూశాడు.

ఇప్పుడు చెబుతున్నాం. ఫస్టియరు క్లాసు సూత్రంతో కాక తాడుతో మొదలవుతోంది. ప్రిన్సిపాలుగారికి మాత్రం, ఈ బస్సుఛార్జీలు ఏ పద్దుకింద రాయాలో ఇంకా తేలలేదు.

వచ్చే ఆదివారం పక్క ఊరి చెరువు కొలవాలి. గట్టు అంతా వంకరే. మేడమ్‌గారు సింప్సన్ సూత్రం తిరగేస్తున్నారు. మా అటెండరు తాడు ఎవరు మోస్తారని అడుగుతున్నాడు.