రెండు రాగిరేకులు: సూరత్ తీరానికి ఇస్లాం రాక



ఇస్లాం మన దేశానికి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు చాలామంది క్రీ.శ. 712లో సింధును జయించిన మహమ్మద్ బిన్ ఖాసిం పేరు చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు, కానీ అది సగమే. మిగతా సగం తెలియాలంటే గుజరాత్‌లోని సూరత్ నుండి దక్షిణంగా సాగే సముద్రతీరాన్ని చూడాలి.

అరేబియాలో ఆవిర్భావం

మహమ్మద్ ప్రవక్త సుమారు క్రీ.శ. 570లో మక్కాలో, వర్తకులైన ఖురైష్ తెగలో జన్మించారు. 610లో ఆయనకు తొలి దైవసందేశం అందిందని ముస్లింల విశ్వాసం. దేవుడు ఒక్కడేనని, కలవారు పేదలను ఆదుకోవాలని ఆయన బోధించారు. మక్కాలో వ్యతిరేకత పెరగడంతో 622లో మదీనాకు తరలివెళ్లారు. హిజ్రీ శకం అప్పటినుండే లెక్కిస్తారు. 632లో ఆయన మరణించే నాటికి అరేబియాలో అధికభాగం ఇస్లాంను స్వీకరించింది. తరువాతి నూరేళ్లలో ఖలీఫాల రాజ్యం స్పెయిన్ నుండి సింధు వరకు విస్తరించింది.

గాలి తెచ్చిన బంధం

అయితే అరబ్బు నావికులకు మన పశ్చిమతీరం అంతకుముందే పరిచయం. ఋతుపవనాల గాలి వాటును బట్టి ఓడలు వచ్చిపోయేవి. తిరుగుగాలి వీచేదాకా వర్తకులు రేవుల్లోనే నెలల తరబడి ఆగేవారు. కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. సూరత్‌కు ఎదురుగా, తాపీ నది ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్ అటువంటి పాత రేవుపట్టణమే.

మొదటి రేకు: యుద్ధం

క్రీ.శ. 739 నాటి నవ్సారి తామ్రశాసనం ఒక యుద్ధాన్ని చెబుతుంది. సింధు వైపు నుండి దండెత్తి వచ్చిన 'తాజికుల' సేనను చాళుక్య సామంతుడు అవనిజనాశ్రయ పులకేశి ఓడించాడు. తాజికులంటే అరబ్బులు. నవ్సారి సూరత్‌కు దక్షిణాన, సమీపంలోనే ఉంది.

రెండవ రేకు: సహజీవనం

దాదాపు రెండు శతాబ్దాల తరువాత, క్రీ.శ. 926 నాటి చించణి తామ్రశాసనం మరో చిత్రాన్ని చూపుతుంది. అప్పుడు ఈ తీరం మాన్యఖేటం రాజధానిగా ఏలిన రాష్ట్రకూటుల అధీనంలో ఉండేది. ఇంద్రుడు III కాలంలో సంజాన్ మండలాన్ని పాలించిన అధికారి ఒక తాజికుడు. శాసనం అతణ్ణి 'మధుమతి' అని పేర్కొంది. మహమ్మద్ అనే పేరుకు అది సంస్కృత రూపం. అతడు నదులు దాటేవారికి ఉచితంగా పడవలు నడిపించాడు, అన్నసత్రం పెట్టించాడు. అన్నయ్య అనే బ్రాహ్మణుడు కట్టించిన దేవీమఠానికి రాజు అనుమతితో భూమిని దానమిచ్చాడు!

అదే కాలంలో, సుమారు 916లో, ఈ తీరానికి వచ్చిన అరబ్బు రచయిత అల్ మసూదీ కూడా రాష్ట్రకూట రాజులు ముస్లింలను గౌరవంగా చూసేవారని, ఇక్కడ మసీదులు ఉండేవని రాశాడు.

మనం గ్రహించవలసినది

మొదటి రేకు ఒక్కటే చదివితే ఇస్లాం రాక అంటే దండయాత్ర అనిపిస్తుంది. రెండవది ఒక్కటే చదివితే అసలు ఘర్షణే లేదనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే చరిత్ర అర్థమవుతుంది.

తరువాత మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడలెక్కే ప్రధాన రేవు సూరత్ అయింది. వారి బస కోసం 1644లో కట్టిన మొగల్ సరాయి ఇప్పుడు నగరపాలక సంస్థ కార్యాలయం. ఒకప్పుడు మక్కా వైపు నుండి ఓడలు వచ్చిన తీరమే చివరికి మక్కాకు ద్వారమైంది.

ఆలోచించండి: మీ ఊరి చరిత్రను ఒకే ఆధారంతో రాయవలసివస్తే, అందులో ఏమేమి మిగిలిపోతాయి?