అంతర్గత ఆడిటర్ల అంతర్జాతీయ పరస్పర అభ్యసనం: తెలుగు నేలపై సామాజిక తనిఖీ అనుభవం

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే స్ఫురించేది తెలుగు చలనచిత్ర పరిశ్రమ. అదే జూబ్లీహిల్స్‌లోని డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ గురించి అధికార వర్గాలకు వెలుపల తెలిసినవారు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు శిక్షణనిచ్చే ఈ సంస్థకు, భారత ప్రభుత్వం 1964లో ఆరంభించిన ఐటెక్ సహకార పథకం కింద వర్ధమాన దేశాల అధికారులు కూడా వస్తుంటారు. ప్రజాధనంపై అజమాయిషీ విషయంలో వారికి ఈ నేల నేర్పగలిగినది ఏమిటి, వారి నుండి ఇది నేర్చుకోవలసినది ఏమిటి అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఆడిట్ రంగంలో పరస్పర అభ్యసనం కొత్త భావన కాదు. 1953లో హవానాలో 34 దేశాల ప్రతినిధులతో ఏర్పడిన ఇంటోసాయ్, పరస్పరానుభవం అందరికీ మేలు చేస్తుందన్న సూత్రాన్నే తన నినాదంగా స్వీకరించింది. అయితే అది కాగ్ వంటి బాహ్య ఆడిట్ సంస్థల వేదిక. మంత్రిత్వ శాఖల లోపల పనిచేసే అంతర్గత ఆడిటర్లకు అటువంటి వేదికలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఐరోపా, మధ్య ఆసియా దేశాల కోసం 2006లో మొదలైన పెంపాల్ వాటిలో పేర్కొనదగినది. బడ్జెట్, ఖజానా, అంతర్గత ఆడిట్ అనే మూడు విభాగాలుగా సాగే ఈ వేదిక ఆంగ్లంతో పాటు రష్యన్, బోస్నియన్-క్రొయేషియన్-సెర్బియన్ భాషలలోనూ పనిచేస్తుంది. ఈ భాషా నిర్ణయం చిన్నదిగా కనిపించినా, ఎవరు మాట్లాడగలరు, ఎవరు వినడానికే పరిమితమవుతారు అన్నది దానిపైనే ఆధారపడి ఉంటుంది.

విచిత్రమేమంటే, పెంపాల్ మొదలైన 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఆరంభమైంది. 2005 నాటి చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు తనిఖీ అధికారం ఇచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జరిపిన బహిరంగ విచారణల అనుభవాన్ని ప్రభుత్వమే ఆహ్వానించి స్వీకరించింది. 2009లో ఇందుకోసం ప్రత్యేక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. పద్ధతి సూటిగా ఉంటుంది. కూలీ కుటుంబాల నుండి వచ్చిన చదువుకున్న యువతీయువకులు, తమది కాని గ్రామానికి వెళ్లి, మస్టర్ రోల్‌లోని పేర్లను ఇంటింటా సరిచూస్తారు. కొలతల పుస్తకంలోని అంకెలను పని జరిగిన చోట టేపు పట్టి పరీక్షిస్తారు. ఆపై గ్రామసభలోను, మండల స్థాయి ప్రజావేదికలోను అందరి ఎదుట చదివి వినిపిస్తారు. కేంద్రం కాగ్‌తో సంప్రదించి 2011లో వెలువరించిన నియమాలు ప్రతి రాష్ట్రంలోను స్వతంత్ర సామాజిక తనిఖీ విభాగం ఉండాలని నిర్దేశించాయి. ఉద్యమం నుండి రాష్ట్రానికి, రాష్ట్రం నుండి దేశానికి సాగిన అభ్యసనం ఇది.

దీనిని అంతర్గత ఆడిట్ అనవచ్చునా? నిర్వచనం ప్రకారం అనకూడదు. అంతర్గత ఆడిటర్ సంస్థ యాజమాన్యానికి నివేదిస్తాడు. రాష్ట్ర పద్దులపై కాగ్ నివేదిక 151వ అధికరణం ప్రకారం గవర్నర్ ద్వారా శాసనసభకు చేరుతుంది. సామాజిక తనిఖీ గ్రామసభకు జవాబుదారీ. అయినప్పటికీ శాఖల అంతర్గత ఆడిట్ చేయవలసిన పనిలో పెద్ద భాగాన్ని, అంటే చెల్లింపు నిజంగా చేరిందా అన్న పరీక్షను, ఆచరణలో ఇదే చేసింది.

ఈ అనుభవాన్ని ఇతరులకు అందించేటప్పుడు విజయాలను మాత్రమే చెప్పడం సరికాదు. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ 2006-10 మధ్య 8 జిల్లాలలోని 300 గ్రామ పంచాయతీల తనిఖీ నివేదికలను పరిశీలించారు. వరుస తనిఖీల వల్ల అక్రమాలు మొత్తం మీద చెప్పుకోదగినంతగా తగ్గలేదని, సులభంగా పట్టుబడే అక్రమాల స్థానంలో పట్టుకోవడం కష్టమైనవి వచ్చాయని వారు తేల్చారు. దొంగ పేర్లు తగ్గితే సామగ్రి బిల్లుల వైపు మళ్లడం అటువంటిదే. గుర్తించిన సొమ్ము రాబట్టడంలోను, బాధ్యులపై చర్యలలోను వ్యవస్థ వెనుకబడింది. తనిఖీ చేసినవారికి శిక్షించే అధికారం లేదు. అధికారమున్న శాఖకు తొందర లేదు.

సరిగ్గా ఇక్కడే ఇతర దేశాల అంతర్గత ఆడిటర్ల అనుభవం అక్కరకు వస్తుంది. గుర్తించిన లోపంపై ఎవరు, ఏ తేదీలోగా, ఏ చర్య తీసుకున్నారో చివరిదాకా వెంబడించడం వారి వృత్తిలో నిత్యకృత్యం. ఫిలిప్పీన్స్ ఆడిట్ కమిషన్ 2012లో మొదలుపెట్టిన పౌర భాగస్వామ్య ఆడిట్‌లో పౌరులు ప్రభుత్వ ఆడిట్ బృందంలోనే సభ్యులు కావడం మరొక మార్గం. తెలుగు పద్ధతిలో పౌరుల స్వాతంత్ర్యం ఎక్కువ, నివేదికకు దక్కే అధికార బలం తక్కువ. ఫిలిప్పీన్స్‌లో పరిస్థితి దాదాపు తలకిందులు.

మిగిలినది భాష. గ్రామసభలో చదివే నివేదికలు తెలుగులో ఉన్నాయి. అంతర్జాతీయ అంతర్గత ఆడిట్ ప్రమాణాలను, 2025 జనవరి నుండి అమలులోకి వచ్చిన కొత్త పాఠంతో సహా, ఇక్కడి ఉద్యోగి ఆంగ్లంలోనే చదువుకోవాలి. మండల స్థాయి తనిఖీదారుకు తెలిసినది జూబ్లీహిల్స్ తరగతి గదిలోని విదేశీ అధికారికి చేరాలన్నా, ఆ అధికారి దేశపు పద్ధతి మండలానికి దిగిరావాలన్నా, ఆ రెండు పాఠాల మధ్య అనువాదకుడు ఒకడు కావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, వాణిజ్య శాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పరిశోధన అక్కడ ఉంది.