గొలుసు సాగుతుందా, అరుగుతుందా?

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర నిలబడి, నాంపల్లి స్టేషను వైపు పోయే మోటారు సైకిళ్ల చప్పుడు వినండి. ఏదో ఒక బండి నుంచి ‘టకటక’మని వినిపిస్తుంది. దాని గొలుసు వదులై ఉండవచ్చు.

గొలుసు సాగిందంటారు పెద్దలు. నిజానికి అది సాగదు, అరుగుతుంది. లెక్క చూద్దాం. చక్రం ఒక చుట్టుకు 2 మీటర్లు నడిస్తే, కిలోమీటరుకు 500 చుట్లు. వెనక పళ్లచక్రానికి 42 పళ్లుంటే, దానిమీదుగా 21,000 లింకులు పోవాలి. గొలుసులో ఉన్నవి 116 లింకులే అయితే, గొలుసు సుమారు 181 సార్లు తిరగాలి! తిరిగినప్పుడల్లా ప్రతి కీలూ వంగి, మళ్లీ నిటారవుతుంది. లోపలి పిన్నులు అరుగుతాయి. కీలుకు 0.1 మిల్లీమీటరు అరిగితే, మొత్తం గొలుసు 11.6 మిల్లీమీటర్లు పొడుగవుతుంది.

మరి గట్టిగా బిగించేస్తే? అదీ ప్రమాదమే. గుంతలో పడి లేచినప్పుడు వెనక చక్రం పైకీ కిందికీ ఊగుతుంది. అప్పుడు రెండు పళ్లచక్రాల మధ్య దూరం మారుతుంది. ఆ మార్పుకు చోటు లేకపోతే బేరింగులు పాడవుతాయి, గొలుసు తెగనూ వచ్చు. మరీ వదులైతే ఊడి, చక్రాన్ని పట్టేస్తుంది. బండి నడిపేవారి ప్రాణానికే ముప్పు.

ఈ పని పెద్దవాళ్లు చేస్తుంటే పక్కన ఉండి చూడండి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, బండిని నడిమి స్టాండు మీద, న్యూట్రల్‌లో నిలపాలి. ఇంజను తిరుగుతుండగా గొలుసు దగ్గర వేలు పెట్టారా, వేలు పోయినట్టే! చక్రాన్ని చేత్తో తిప్పి, గొలుసు ఎక్కడ బాగా బిగుతుగా ఉందో చూడాలి. అక్కడ, కింది వరుస మధ్యలో, గొలుసు కిందికీ పైకీ ఎంత కదులుతోందో స్కేలుతో కొలవాలి. చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది.

ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న సర్దుబాటు మరలను సమానంగా తిప్పాలి. ఒకవైపు ఎక్కువ తిప్పితే చక్రం వంకరగా నిలుస్తుంది. గొలుసు పళ్లను పక్కనుంచి రాస్తుంది, టైరూ త్వరగా అరుగుతుంది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో దారంతో తేలుతుంది. వెనక టైరు చుట్టూ వేసిన దారం రెండు కొసలనూ, టైరు పక్కలకు ఆనేలా ముందుకు లాగండి. హాండిలు తిన్నగా ఉంచి చూస్తే, ముందు టైరుకు రెండు పక్కలా ఖాళీ సమానంగా ఉండాలి. చివరగా నట్టు బిగించి, వదులు మళ్లీ కొలవాలి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకునూ సరిచూడాలి.

మీ సైకిలు గొలుసు లింకులు, వెనక పళ్లు లెక్కపెట్టండి. మీరు బడికి వెళ్లేలోగా ఆ గొలుసు ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పగలరా?