గేల్ కుటుంబ సంరక్షణ

గేల్ బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ ప్రావిన్సులోని ఒక చిన్న పట్టణము. ఇక్కడి సాధారణ గృహస్థులు మధ్యయుగముల నుండి మానసిక వ్యాధిగ్రస్తులను తమ ఇండ్లలో ఉంచుకొనుచున్నారు. వారిని మార్చవలెనని పట్టుబట్టక, ఉన్నవారిని ఉన్నట్లుగా కుటుంబములో కలుపుకొనుట ఈ ఆచారములోని ప్రత్యేకత.

పుట్టుక

ఐతిహ్యము ప్రకారము 7వ శతాబ్దములో డింఫ్నా అనే ఐర్లండు రాకుమారి, మతి చలించిన తండ్రి తననే వివాహమాడదలచగా, పారిపోయి గేల్ చేరినది. తండ్రి వెంటాడి వచ్చి ఆమెను ఇక్కడనే వధించెనని చెబుతారు. తరువాతి కాలములో ఆమెను మానసిక రోగుల రక్షకురాలిగా కొలువసాగారు. ఆమె పేరిట చర్చి నిర్మాణము 1349లో మొదలైనది. స్వస్థత కోరి తెచ్చిన రోగులను చర్చిని ఆనుకొని ఉన్న గదిలో తొమ్మిది దినములు ఉంచేవారు. మన దేవాలయాలలో నిద్ర చేయుట వంటిదే ఇదియును. ఆ గది చాలకపోవుటచే రోగులు చుట్టుప్రక్కల రైతుల ఇండ్లలో బస చేశారు. నయము కానివారిలో అనేకులు అక్కడే ఉండిపోయారు. అనగా ఈ పద్ధతికి మూలము వైద్య సిద్ధాంతమేదియు కాదు, చోటు చాలకపోవుటయే.

ఇండ్లలో జీవనము

ఇంటికి వచ్చినవారిని రోగి అని కాక బోర్డరు అని పిలుస్తారు. వ్యాధి పేరును కుటుంబమునకు తెలుపకపోవుట సంప్రదాయము. ఆ మనిషి ఎట్లు నడుచుకొనునో అదియే వారికి తెలియవలసినది. తరచుగా చెప్పబడే ఒక ఉదంతములో, ఒక బోర్డరు ప్రతిదినము తన చొక్కా గుండీలను మెలిపెట్టి త్రెంచివేసేవాడు. ఇంటి ఇల్లాలు ప్రతి రాత్రి వాటిని మరల కుట్టేది. తెగని నైలాను దారముతో కుట్టరాదా అని ఒకరు సలహా ఇవ్వగా ఆమె ఒప్పుకొనలేదు. గుండీలు త్రెంచుట అతనికి అవసరమని ఆమె సమాధానము. గోడలలో నుండి సింహములు వచ్చుచున్నవని భయపడిన మరొకరి కోసము ఇంటివారు ఆ సింహములను తరిమివేసేవారట! గృహస్థులు వృద్ధులైన పిమ్మట వారి సంతానము అదే బోర్డరును తమ ఇంట ఉంచుకొనుట కూడా కలదు.

ఇది కేవలము దయ వలన సాగినదని అనుకొనరాదు. కుటుంబములకు కొంత భృతి ముట్టేది, పొలములో పనికి మనుష్యులు దొరికేవారు. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో పారిపోకుండా కొందరికి కాళ్ళకు సంకెళ్ళు వేసేవారు కూడా. 1850లో ప్రభుత్వము అజమాయిషీ స్వీకరించినది, 1862లో ఆసుపత్రి ఏర్పడినది. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తండ్రి 1880లో కుమారుని ఇక్కడికి పంపదలచెను గాని అది జరుగలేదు.

క్షీణత

1930ల చివర 3,700 మందికి పైగా ఉన్న బోర్డర్లు 2016 నాటికి 300 లోపునకు తగ్గిపోయారు. వ్యవసాయ కుటుంబములు తగ్గుట, స్త్రీలు బయట ఉద్యోగములకు వెళ్ళుట, కొత్త మందులు, వేరు వసతి గృహములు ఇందుకు కారణములు. 2023లో యునెస్కో ఈ ఆచారమును, పరిరక్షణకు మంచి ఉదాహరణలుగా ఎంచిన పద్ధతుల జాబితాలో చేర్చినది. అయితే పగలంతా ఇంట మనిషి లేని కుటుంబములు బోర్డరును ఉంచుకొనుట నేడు కష్టసాధ్యము.