రూపచిత్రములు దిద్దుట: తగిన సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఒక వ్యక్తి రూపమే ప్రధానముగా తీసిన ఛాయాచిత్రమును పోర్ట్రెయిట్ అని వ్యవహరించుచున్నారు. తెలుగున దానిని రూపచిత్రము అనవచ్చును. కొండనో, కోవెలనో ఫోటో తీసినప్పుడు రంగు ఒక పాలు హెచ్చినను, తగ్గినను పట్టించుకొనువారు అరుదు. రూపచిత్రము సంగతి వేరు. అందలి మనిషి తన ముఖమును తానే పరీక్షగా చూచుకొనును. కన్నతల్లి చూచును. పెండ్లి సంబంధమునకై పంపిన ఫోటో అయినచో, అవతలివారు మొదట ఫోటోను, పిమ్మట మనిషిని చూతురు. చిత్రము అందముగా ఉండవలెను. అది ఆ మనిషి పోలికనే చూపవలెను. ఈ రెండు కోరికలకును పొందిక కుదుర్చుటయే దిద్దుబాటు. అందుకు ఏ సాఫ్ట్‌వేర్ తగినదని అడుగువారు నేడు పెక్కుమంది. పేరును బట్టి గాక, పనిని బట్టి దానిని ఎన్నుకొనుట మేలు.

ముఖమును దిద్దుట కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. 19వ శతాబ్దమున గాజుపలకలపై నెగెటివులు తీసిన కాలముననే ఈ పని ఆరంభమైనది. ముఖముపై ముడుత ఫోటోలో నల్లగీతగా కనబడును. నెగెటివులో అదే చోటు పలుచగా, వెలుతురు సులభముగా దూరునట్లు ఉండును. ఆ పలుచని చోట సన్నని పెన్సిలు మొనతో మెల్లగా నింపినచో, అచ్చు తీసినప్పుడు ముడుత లేతపడును. మన స్టూడియోలలో దీనినే టచింగ్ అనెడివారు. చేయి తిరిగినవాడు ముడుతను లేతపరచి ఊరకుండును. చేయి తిరగనివాడు దానిని పూర్తిగా పూడ్చి, అరువదియేండ్ల మనిషికి ఇరువదియేండ్ల చెక్కిళ్లను అతికించును. పనిముట్లు మారినను, ఈ భేదము నేటికిని మారలేదు.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షింపవలసిన మొదటి విషయము, మూలచిత్రమును అది చెడకుండ కాపాడునా లేదా అనునది. కెమెరా తీసిన చిత్రమును రెండు విధముల దాచుకొనవచ్చును. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క మూలవర్ణమునకు 256 మెట్లు మాత్రమే ఉండును. రా ఫైలు అనబడు దానిలో, 14 బిట్ల కెమెరాయైనచో, 16,384 మెట్లుండును. నీడలో పడిన చెంపను వెలుతురునకు తెచ్చునప్పుడు ఈ తేడా స్పష్టముగా తెలియును. జేపెగ్‌లో చర్మముపై మరకలవలె రంగులు విడిపోవును. రా ఫైలులో సాఫీగా తేలును. కావున రా ఫైళ్లను తెరువలేని సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలదు.

రా ఫైళ్లను తెరచు సాఫ్ట్‌వేర్‌లలో అడోబీ సంస్థవారి లైట్‌రూమ్, డెన్మార్కులో పుట్టిన కాప్చర్ వన్, ఉచితముగా లభించు డార్క్‌టేబుల్, రాథెరపీ పేర్కొనదగినవి. ఇవి మూలఫైలును తాకవు. మనము చెప్పిన మార్పులను చిట్టావలె వేరుగా వ్రాసి ఉంచుకొని, చిత్రమును చూపునప్పుడెల్ల ఆ చిట్టాను అమలుపరచును. పదేండ్ల తరువాత మనస్సు మారినను మొదటి రూపమునకు తిరిగి పోవచ్చును. పెండ్లిలో వేలకొలది ఫోటోలు తీయువారికి ఇవే అనుకూలములు. ఒక ఫోటోకు చేసిన సవరణను అదే వెలుతురులో తీసిన నూరు ఫోటోలకు ఒక్కసారిగా వర్తింపజేయవచ్చును.

రెండవ తరగతివి ఫోటోషాప్, గింప్ వంటివి. ఫోటోషాప్‌ను థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందింపగా, అడోబీ సంస్థ 1990లో విడుదల చేసినది. 1994లో దానికి లేయర్లు, అనగా ఒకదానిపై ఒకటి పరచిన పారదర్శకమైన పొరలు, చేరినవి. గింప్ 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ విద్యార్థులిద్దరు ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఇవి చిత్రములోని ప్రతి బిందువును మార్చగలవు. శక్తి హెచ్చు గనుక జాగ్రత్తయు హెచ్చుగా ఉండవలెను. అడుగునున్న మూలపు పొరను ముట్టక, దిద్దుబాటంతయు పైపొరలలో చేయుట మొదటినుండియే అలవరచుకొనవలసిన నియమము.

రెండవ పరీక్ష చర్మమునకు సంబంధించినది. చర్మమునకు సన్నని రంధ్రములు, నూగు, గీతలు సహజముగా ఉండును. ఒక్క మీట నొక్కగానే ముఖమంతయు నునుపు చేయు ఫోన్ యాప్‌లు వీనినన్నిటిని చెరిపివేయుటచే మనిషి మైనపుబొమ్మవలె కనబడును. మంచి సాఫ్ట్‌వేర్‌లో వేరు పనిముట్లు కలవు. 2002లో ఫోటోషాప్‌నకు చేరిన హీలింగ్ బ్రష్ ప్రక్కనున్న చర్మపు నేతను తెచ్చి మొటిమపై పరచి, ఆ చోటి వెలుగునీడలతో కలిపివేయును. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అను మరియొక పద్ధతిలో చర్మపు నేత ఒక పొరలోను, రంగు, వెలుగునీడలు మరియొక పొరలోను విడివడును. కన్నుల క్రింది నలుపును ఈ రెండవ పొరలో తగ్గించినచో నేత చెక్కుచెదరదు. లేయర్లుగల సాఫ్ట్‌వేర్ ఏదైనను దీనికి పనికివచ్చును. అనుభవజ్ఞులు పాటించు సూత్రమొకటి కలదు. పక్షము దినములలో తనంత తానే పోవు మొటిమను, గాటును చెరపవచ్చును. పుట్టుమచ్చ, పాతగాయపు గుర్తు, నవ్వినప్పుడు పడు గీత ఆ మనిషివి. వానిని అతడు కోరనిదే ముట్టరాదు.

మూడవ పరీక్ష రంగు. ఇదియే అన్నిటికంటె సున్నితమైనది. మానవుల చర్మమునకు వన్నె ముఖ్యముగా మెలనిన్ వలనను, రక్తములోని హిమోగ్లోబిన్ వలనను కలుగుచున్నది. అందుచే తెల్లనివారికిని, నల్లనివారికిని చర్మపు మూలవర్ణము ఇంచుమించు ఒక్క దిశలోనే ఉండును. హెచ్చుగా మారునది వెలుగు. అయినను పూర్వము ఫిలిము ప్రయోగశాలలు రంగులను సరిచూచుకొనుటకు వాడిన, షర్లీ కార్డులని పేరుపొందిన నమూనాలలో చిరకాలము తెల్లజాతి స్త్రీల ముఖములే ఉండెడివి. నల్లని ముఖములు ఆ కొలతకు సరిపడక వివరములు కోల్పోయెడివి. నేడు ఆ పొరపాటునే కొన్ని యాప్‌లు మరియొక విధమున చేయుచున్నవి. అడుగకుండగనే చామనచాయ ముఖమును తెలుపు చేయుచున్నవి. చామనచాయ పిల్ల ఫోటోను తెల్లగా మార్చి పంపినచో, పెండ్లిచూపులనాడు తలవంచుకొనవలసి వచ్చునది దిద్దినవాడు కాదు, ఆ పిల్లయే. కావున తనంత తానుగా తెల్లబరచు గుణమును ఆపివేయుటకు వీలున్నదో లేదో మొదట చూడవలెను. వర్ణము, గాఢత, వెలుగు అను మూడింటిని వేర్వేరుగా సవరించు సదుపాయము ఉండవలెను. కాప్చర్ వన్‌లో చర్మపు రంగును సమముగా చేయుటకే ప్రత్యేకమైన పనిముట్టు కలదు. కంప్యూటరు తెర సరిగా లేనిచో ఇవియన్నియు వృథా. తెర రంగులను సరిచేయు చిన్న పరికరమును కొనుట, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనుటకంటె ముందు చేయవలసిన పని.

ఇది రుచికి మాత్రమే చెందిన విషయము కాదని కొన్ని ప్రభుత్వములు గుర్తించినవి. ఫ్రాన్సులో 2017 నుండి, వాణిజ్య చిత్రములలో మోడలు దేహమును సన్నగా గాని లావుగా గాని మార్చినచో ఆ సంగతి చిత్రముపై తెలుపవలెను. నార్వేలో 2022 నుండి, ప్రకటనలలో దేహపు ఆకారమును, పరిమాణమును, చర్మమును మార్చినను అట్లే గుర్తు వేయవలెను. ఇక పాస్‌పోర్టు ఫోటోలో ముఖమును దిద్దనే కూడదు.

నాలుగవది ఖర్చు. అడోబీ సంస్థ 2013 నుండి తన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్‌లను చందా పద్ధతికి మార్చినది. చందా ఆగినచో పనిముట్టును ఆగును. ప్రతిదినము దీనితోనే జీవించు స్టూడియోవారికి ఆ వ్యయము గిట్టుబాటగును. నెలకు పది ఫోటోలు దిద్దుకొను ఉత్సాహవంతులకు డార్క్‌టేబుల్, గింప్ రెండును కలిసి పైసా ఖర్చు లేకుండ దాదాపు అన్ని పనులను నెరవేర్చును. నేర్చుకొనుటకు మాత్రము ఓర్పు కావలెను. ఫోన్‌లోనే పని ముగింపదలచినవారికి ఉచితమైన స్నాప్‌సీడ్ చాలును.

ఇటీవల కృత్రిమ మేధతో పనిచేయు పనిముట్లును వచ్చినవి. ముఖమును, కన్నులను, పెదవులను తామే గుర్తించి విడదీయు పనిముట్లు శ్రమను తగ్గించును; వీనిని స్వీకరింపవచ్చును. లేనిదానిని కల్పించి చిత్రించునవి వేరు. మూసిన కన్నులకు బదులు అవి తెరచిన కన్నులను గీయవచ్చును గాని, ఆ కన్నులు ఆ మనిషివి కావు.

తుదకు ఎంపిక చేయునప్పుడు ఒక్క ఫోటోతో పరీక్షింపుడు. కిటికీ వెలుతురులో కూర్చున్న, చామనచాయగల వృద్ధుని ఫోటోను రా ఫైలుగా తీసి, ఉచితములైనవానిలోను, కొన్నిదినములు ఊరక వాడనిచ్చువానిలోను దానినే దిద్దుడు. మరునాడు ఉదయము మూలచిత్రమును ప్రక్కనుంచి చూడుడు. కాగితముపై అచ్చు తీసి, ఆయనను బాగుగా ఎరిగినవారికి చూపుడు. ఏది దిద్దితిరో వారు చెప్పలేక, ఫోటో చక్కగా వచ్చినదని మాత్రము అన్నచో, ఆ సాఫ్ట్‌వేర్ మీ చేతికి ఒదిగినదని తెలిసికొనుడు. దానినే నేర్చుకొనుడు. మూలఫైలును మాత్రము రెండుచోట్ల భద్రపరచుడు.