ఆరు మార్కుల ఆల్బమ్... ఇరవై ఏళ్లకు పదికి పది!

పరీక్షలో పదికి ఆరు మార్కులొచ్చిన పేపరు. ఇరవై ఏళ్ల తర్వాత దాన్నే మళ్లీ దిద్దారు. ఒక్క అక్షరం కూడా మారలేదు. దిద్దింది కూడా ఆ బడివాళ్లే. ఈసారి పదికి పది వేశారు!

విడ్డూరంగా ఉంది కదూ! కానీ ఓ పాటల ఆల్బమ్ విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. ఆల్బమ్ పేరు 'డిస్కవరీ'. 2001 మార్చిలో వచ్చింది. చేసినవాళ్లు 'డాఫ్ట్ పంక్' అనే ఫ్రెంచి జంట... థామస్ బంగాల్తేర్, గీ మాన్యుయెల్ ద ఓమెమ్ క్రిస్తో. పేర్లు నోరు తిరగకపోయినా ఫొటో చూస్తే చాలామంది గుర్తుపడతారు. తలమీద ఒకరికి వెండిరంగు, ఇంకొకరికి బంగారు రంగు హెల్మెట్. మొహాలు కనిపించవు. మర మనుషుల్లా నిలబడతారు.

అప్పట్లో అమెరికాలోని చికాగో కేంద్రంగా నడిచిన 'పిచ్‌ఫోర్క్' అనే సంగీత పత్రిక ఆల్బమ్‌లకు దశాంశాలతో సహా మార్కులు వేసేది. మన సినిమా సమీక్షల్లో రెండుముప్పావు, మూడుంపావు అని కొలుస్తారే, అంతకంటే సూక్ష్మం అన్నమాట. 'డిస్కవరీ'కి ఆ పత్రిక వేసిన మార్కులు 6.4. 2021 అక్టోబరులో తన పాత తీర్పులు కొన్నింటిని తిరగదోడినప్పుడు అదే పత్రిక ఇదే ఆల్బమ్‌కు 10 వేసింది.

మరి మధ్యలో ఏం జరిగింది?

తిట్టే పేరైంది

ఈ జంటకూ సమీక్షకులకూ మధ్య లెక్క 'డిస్కవరీ'తో మొదలైంది కాదు. అసలు వాళ్ల పేరే ఒక సమీక్ష పెట్టిన భిక్ష! ప్యారిస్‌లో ఒకే బడిలో చదువుకున్న ఈ ఇద్దరూ 1992లో మరో స్నేహితుడితో కలిసి 'డార్లిన్' అని గిటార్ల బృందం పెట్టారు. వాళ్ల పాటలు విని బ్రిటన్ పత్రిక 'మెలొడీ మేకర్' తీసిపారేసింది. ఆ సమీక్షలో వాడిన మాటల్లో 'డాఫ్ట్' ఒకటి, 'పంక్' ఇంకొకటి. తెలుగులో చెప్పాలంటే తిక్క గోల అని. ఇంకొకరైతే ఆ కాగితం చింపి పారేసేవాళ్లు. వీళ్లు ఆ తిట్టునే బోర్డుగా రాయించుకున్నారు. మూడో స్నేహితుడు లోరాన్ బ్రాంకోవిట్జ్ తర్వాత 'ఫీనిక్స్' బృందంలో చేరి ఆయనా పేరు తెచ్చుకున్నాడు. అది వేరే కథ.

బంగాల్తేర్‌కి సంగీతం ఇంట్లోనే ఉంది. తండ్రి డేనియల్ వాంగార్డ్ డిస్కో కాలంలో పాటల రచయిత, నిర్మాత. 'ఒటావాన్' బృందంతో ఆయన చేయించిన 'డి.ఐ.ఎస్.సి.ఓ.' ప్రపంచమంతా మోగింది. ఇక్కడో తమాషా. 1982లో వచ్చిన హిందీ సినిమా 'డిస్కో డాన్సర్'లో 'జిమ్మీ జిమ్మీ' గుర్తుందా? పెళ్లి బ్యాండ్లు ఇప్పటికీ వదలని పాట. దాని బాణీకి మూలం ఇదే ఒటావాన్ బృందం పాడిన 'తే ఓకే'. దాన్ని మన దగ్గరికి తెచ్చిన బప్పీలహరి ఆ తర్వాత 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' లాంటి తెలుగు సినిమాలకు పనిచేశారు. అంటే డాఫ్ట్ పంక్ అబ్బాయి ఇంట్లో పుట్టిన బాణీకి మన అమ్మానాన్నలు ఎప్పుడో చిందేశారు!

ఏం నచ్చలేదు?

డాఫ్ట్ పంక్ మొదటి ఆల్బమ్ 'హోమ్‌వర్క్' 1997లో వచ్చింది. బంగాల్తేర్ పడకగదిలో సర్దుకున్న యంత్రాల మీద చేసింది కాబట్టి ఆ పేరు. పచ్చిగా, మొరటుగా, డ్రమ్ము దెబ్బ నేరుగా ఛాతీకి తగిలేలా ఉంటుంది. క్లబ్బుల్లో నాట్యసంగీతాన్ని సీరియస్‌గా తీసుకునేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఈ జంట ఓ కట్టుకథ అల్లింది. 1999 సెప్టెంబరు 9, ఉదయం 9 గంటల 9 నిమిషాలకు స్టూడియోలో యంత్రం పేలిందట. కళ్లు తెరిచి చూసుకుంటే ఇద్దరూ రోబోలైపోయారట! హెల్మెట్ల కథ అదీ. రోబోలు చేసిన ఆల్బమ్ కదా, ఇంకా కరకుగా ఉంటుందనుకున్నారు అంతా. తీరా వస్తే... 'డిస్కవరీ' తేనెలో ముంచి తీసినట్టుంది.

అసలు చిక్కు ఇక్కడే. మొదటి పాట 'వన్ మోర్ టైమ్' పాడిన రొమాంథొనీ గొంతును శ్రుతి సరిచేసే యంత్రంలో వేసి నలిపేశారు. మనిషి గొంతా, లోహమా తెలియదు. ఆ యంత్రం పేరు ఆటోట్యూన్. ఇప్పుడు మన సినిమా పాటల్లోనూ మామూలే. అప్పుడు మాత్రం చాలామందికి అది మోసంలా అనిపించింది. రెండో పాట 'ఏరోడైనమిక్'లో ఉన్నట్టుండి ఎనభైల నాటి హార్డ్‌రాక్ గిటారు విన్యాసం. 'డిజిటల్ లవ్'లో పాత రేడియో ప్రేమపాటల్లో వినిపించే ఎలక్ట్రిక్ పియానో. 2001లో అభిరుచి ఉన్నవాళ్లుగా చెప్పుకునేవాళ్లు బయటికి ఒప్పుకోవడానికి సిగ్గుపడే సరుకంతా ఏరికోరి ఒకేచోట పేర్చారన్నమాట.

మెచ్చుకున్న పత్రికలూ తక్కువేం కాదు. 'వన్ మోర్ టైమ్' ఫ్రాన్స్‌లో మొదటి స్థానానికీ బ్రిటన్‌లో రెండో స్థానానికీ వెళ్లింది. కానీ పిచ్‌ఫోర్క్ సమీక్ష ధోరణి వేరు. ప్రోగ్రెసివ్ రాక్‌నీ డిస్కోనీ కలిపిన వంటకం... తింటే కీడేం లేదు, గొప్పగా చెప్పుకునేదీ కాదన్నట్టు. మాటలు మరీ పేలవం అన్నది ఇంకో ఫిర్యాదు.

ఆ ఫిర్యాదుల్లో కొన్ని ఇప్పటికీ నిలుస్తాయి. ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి. మొదటి నాలుగూ ఒక ఎత్తు. తర్వాత వచ్చేవాటిలో ఒకటి రెండు వింటున్నప్పుడు మధ్యలో లేచి మంచినీళ్లు తాగి రావచ్చు. చివరి పాట పేరే 'టూ లాంగ్'. పది నిమిషాలుంటుంది. పేరు పెట్టినప్పుడు వాళ్లకీ తెలుసేమో!

పాత పట్టుచీర అంచు

వీళ్ల పనితనం ఎక్కడుందో తెలియాలంటే 'శాంప్లింగ్' సంగతి చూడాలి. పాత రికార్డులోంచి రెండు మూడు సెకన్ల ముక్క కత్తిరించి, వేగం మార్చి, తిప్పి తిప్పి వాయించడమే శాంప్లింగ్. అమ్మమ్మ పట్టుచీర అంచు కత్తిరించి మనవరాలి లంగాకు కుట్టినట్టు. 'హార్డర్ బెటర్ ఫాస్టర్ స్ట్రాంగర్'కి అంచు ఇచ్చింది అమెరికన్ సంగీతకారుడు ఎడ్విన్ బర్డ్‌సాంగ్ 1979 నాటి ఫంక్ పాట. 'డిజిటల్ లవ్'కి అదే ఏడాది జార్జ్ డ్యూక్ చేసిన పాట. ఫంక్ అంటే అరవైల చివర్లో అమెరికా నల్లజాతి కళాకారులు తీర్చిదిద్దిన బాణీ. రాగం కంటే లయ ముందు నడుస్తుంది. బేస్ గిటారూ డ్రమ్మూ కలిసి కాలు నిలవనీయవు. దాన్ని యంత్రాల్లోకి ఎక్కించి, ఆ చెమట ఆరిపోకుండా చూసుకోవడమే ఈ ఇద్దరి నేర్పు.

మూలం పాటలు విని తర్వాత 'డిస్కవరీ' వింటే రెండు రకాల ఆలోచనలొస్తాయి. 'ఓస్, సగం అక్కడే ఉందిగా' అని ఒకటి. 'ఆ పాటలో ఎవరూ పట్టించుకోని ఆ చిన్న ముక్కను వీళ్లెలా పట్టారు' అని ఇంకొకటి. రెండూ నిజమే.

మార్కుల పట్టికలో కనిపించని లెక్క ఇంకోటుంది. 'వన్ మోర్ టైమ్'లో వినిపించే బాకాల ముక్క ఎడ్డీ జాన్స్ అనే గాయకుడి 1979 నాటి పాటలోది. డాఫ్ట్ పంక్ పాట ప్రపంచమంతా తిరిగింది. జాన్స్ మాత్రం లాస్ ఏంజెలెస్‌లో ఇబ్బందుల మధ్య బతుకుతున్నారనీ, ఆ పాట మీద ఆయనకేమీ ముట్టలేదనీ 2021లో 'లాస్ ఏంజెలెస్ టైమ్స్' బయటపెట్టింది. హక్కులున్న సంస్థకు సొమ్ము వెళ్తూనే ఉంది. అక్కణ్నుంచి ఆయన దాకా చేరలేదు. పదికి పది వేసిన ఏడాదే ఈ కథా వెలుగుచూసింది.

పిల్లలు పెద్దయ్యారు

ఆల్బమ్ మారలేదు. మారింది వినేవాళ్లు. నాకు తోచిన కారణం ఇదే.

1975 నుంచి 85 దాకా తమ చిన్నతనంలో సంగీతం ఎలా వినేవాళ్లో ఆ అనుభూతినే ఈ ఆల్బమ్‌లో పట్టాలనుకున్నామని బంగాల్తేర్ అప్పట్లో చెప్పుకొచ్చాడు. పిల్లలు పాట విని బాగుందంటారు, లేదంటే లేదంటారు. ఇది ఏ కోవకు చెందింది, దీన్ని మెచ్చుకుంటే నలుగురూ నవ్వుతారా అని ఆలోచించరు. సమీక్షకుడి ఉద్యోగమేమో సరిగ్గా అలా ఆలోచించడమే! గడువు నెత్తిమీద పెట్టుకుని, నాలుగైదుసార్లు విని, తీర్పు రాసేయాలి. పెళ్లిపందిట్లో పదిమందితో కలిసి వినాల్సిన పాటను ఆఫీసు కుర్చీలో ఒంటరిగా వినాలి.

మరి 2001లో నిజంగా పిల్లలైనవాళ్లు? వాళ్లకు ఈ పాటలు బొమ్మలతో సహా అందాయి. తమకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన జపాన్ చిత్రకారుడు లీజీ మత్సుమొటోను డాఫ్ట్ పంక్ వెతుక్కుంటూ వెళ్లారు. నీలిరంగు ఒంటితో ఉండే వేరే గ్రహపు గాయకుల కథను ఆయన పర్యవేక్షణలో కార్టూన్‌గా తీయించారు. మొదటి నాలుగు పాటల భాగాలు 2001లోనే అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో వచ్చాయి. మొత్తం ఆల్బమ్‌తో 'ఇంటర్‌స్టెల్లా 5555' పేరుతో 2003లో సినిమాగా పూర్తయింది. అందులో ఒక్క మాట ఉండదు, అన్నీ పాటలే. బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చుని అవి చూసిన పిల్లలకు పాత డిస్కో అంటే చిన్నచూపు ఎందుకుంటుంది? గిటారు విన్యాసం పాతచింతకాయ పచ్చడని వాళ్లకెవరు చెప్పారు?

ఆ తరం ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. 2007లో ర్యాపర్ కాన్యే వెస్ట్ ఇదే ఆల్బమ్‌లోని ముక్కను తీసుకుని 'స్ట్రాంగర్' చేస్తే అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అంచు అంచునే మళ్లీ కత్తిరించారన్నమాట! 2009లో దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌ల జాబితా వేసినప్పుడు 6.4 ఇచ్చిన పిచ్‌ఫోర్కే 'డిస్కవరీ'ని మొదటి ఇరవైలో చేర్చింది. 2020లో 'రోలింగ్ స్టోన్' పత్రిక సార్వకాలిక 500 ఆల్బమ్‌లలో దీనికి 236వ స్థానం ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే పదికి పది.

అయితే కాలం అన్నింటికీ మార్కులు పెంచుతుందనుకోకండి. మూడో ఆల్బమ్ 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' 2005లో వచ్చింది. 'డిస్కవరీ'కి రెండేళ్లు పడితే దీన్ని ఆరు వారాల్లో ముగించారు. వినేవాళ్లకు అది తెలిసిపోయింది. పిచ్‌ఫోర్క్ 4.9తో సరిపెట్టింది. ఆ మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవంలో దీపాలతో వెలిగే పిరమిడ్ లోపల నిలబడి అవే పాటలను పాతవాటితో కలిపి వాయిస్తే జనం ఊగిపోయారు. ఆ తర్వాత ప్యారిస్‌లో చేసిన కచేరీ రికార్డు 'అలైవ్ 2007'కి గ్రామీ అవార్డొచ్చింది. సీడీలో పడుకున్న పాటలు వేదిక ఎక్కాక లేచి కూర్చున్నాయి.

2013లో వచ్చిన 'రాండమ్ యాక్సెస్ మెమొరీస్' కథ మళ్లీ తలకిందులు. యంత్రాలను పక్కనపెట్టి, నైల్ రోడ్జర్స్ లాంటి అసలు సిసలు డిస్కో, ఫంక్ కాలపు వాద్యకారులను స్టూడియోకు పిలిపించి వాయించుకున్నారు. పత్రికలు పొగడ్తల్లో ముంచెత్తాయి. 2014లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ తీసుకుంది. వేదిక మీద రోబోలు పెదవి విప్పలేదు. వాళ్ల తరఫున రోడ్జర్స్, పాటల రచయిత పాల్ విలియమ్స్ మాట్లాడారు. దానికి పిచ్‌ఫోర్క్ అప్పట్లో వేసింది 8.8. 2021లో 'డిస్కవరీ'ని పదికి ఎక్కించిన చేత్తోనే దీన్ని 6.8కి దింపేసింది!

నన్నడిగితే 6.4 పిసినారితనం, 10 అతి. మొదటి నాలుగు పాటలకే అయితే పది వేయడానికి నాకూ అభ్యంతరం లేదు.

ఈ కొత్త మార్కులు చూసుకోవడానికి అప్పటికి డాఫ్ట్ పంక్ లేదు. 2021 ఫిబ్రవరి 22న ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి వదిలి ఇద్దరూ విడిపోయారు. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత బంగాల్తేర్ హెల్మెట్ తీసేశాడు. ఒక్క యంత్రం కూడా లేకుండా పూర్తిగా ఆర్కెస్ట్రా కోసం 'మిథాలజీస్' అనే బ్యాలేకి సంగీతం రాశాడు. 2022 జులైలో బోర్డో నగరంలో దాన్ని ప్రదర్శించారు. 2023లో అది ఆల్బమ్‌గా, ఆయన సొంత పేరుతో వచ్చింది. పత్రికలు మళ్లీ కలాలు తీశాయి.